సెలవులకు ఎక్కడికి పోదము?

సంవత్సరాంతపు సెలవులు సమీపించినంతనే మన దీవిలోని ప్రతి గృహమునందును ఒకే ప్రశ్న వినవచ్చును: ఈసారి ఎక్కడికి? దానికి సమాధానమును నిర్ణయించునవి సాధారణముగ మూడు: విమానపు టిక్కెట్టు వెల, పిల్లల ముచ్చట, ఇరుగుపొరుగువారు చూపిన ఛాయాచిత్రములు. జపానుకో, ఆస్ట్రేలియాకో పోవుట తప్పని నేననను. లోకము చూచినకొలది బుద్ధి వికసించును. కాని నాల్గవ ప్రశ్న యొకటి గూడ వేసికొనవలెనని నా మనవి: అచ్చట మనకొరకు ఎదురుచూచువారు ఎవరైన కలరా?

1973 వరకు మద్రాసునకును సింగపూరునకును నడుమ తిరిగిన రజూలా నౌకలో మన పెద్దలెందరో దినముల తరబడి ప్రయాణము చేసిరి. 2011లో విశాఖపట్టణమునకు సూటి విమానము ప్రారంభమైనది. ప్రయాణము ఇంచుమించు నాలుగు గంటలు. దూరము తగ్గినది, దగ్గరతనము పెరిగినదా?

జూన్ సెలవులలో ఆంధ్రదేశపు ఎండకు మన పిల్లలు ఓర్వలేరు. సంక్రాంతినాటికి ఇచ్చట బడులు తెరచియుండును. కాని డిసెంబరు నడుమ ధనుర్మాసము ప్రవేశించును. వాకిట ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసుల గానము, చల్లని ఉదయములు! అప్పటికి మన పిల్లలకు సెలవులే. స్వగ్రామమున ఎవరును మిగులని కుటుంబములు పేరాకులోని బాగన్ దతుక్ తోటల ప్రాంతమునకైనను పోయి, తెలుగు కూలీలు చెమటోడ్చిన నేలను పిల్లలకు చూపవచ్చును.

మూడు సెలవులలో ఒక్కటి ఇట్లు గడపుడు. వస్తువులు ఎచ్చటనైనను కొనవచ్చును. నాయనమ్మ నోటి తెలుగు ఒక్కచోటనే దొరకును, అదియును కొంతకాలమే.