ఇంటి వంటకి ఇంత రేటా?

"దీనికి అరవై బాట్లా? ఇంట్లో వండుకునే కూరేగా!"

ఈ మాట అన్నది మాతో టూరుకొచ్చిన ఒక పెద్దమనిషి. అన్న చోటు బ్యాంకాక్‌లో ఒక చిన్న సందు. హోటలావిడకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాడు. నాకు వచ్చు కదా, అందుకే ఈ గొడవ!

హోటలంటే ఏదో ఊహించుకోకండి. ముందు గది హోటలు, వెనక గది ఇల్లు. నాలుగు రేకుబల్లలు. అద్దాల బీరువాలో పళ్ళేల నిండా కూరలు. వేలు పెట్టి చూపిస్తే అన్నం మీద వడ్డించి ఇస్తారు. దీన్ని వాళ్ళు 'ఖావ్ గేంగ్' అంటారు. అంటే అన్నం, కూర, అంతే. మన కర్రీ పాయింటుకి అక్కగారనుకోండి. వండేది ఆవిడ, గిన్నెలు తోమేది ఆయన. (ఈ ఏర్పాటు మా వారికి రెండుసార్లు చూపించాను. రెండుసార్లూ కూరవైపే చూశారు.)

నేను చేపల పులుసులాంటిది చూపించాను. 'గేంగ్ సోమ్' అట. చింతపండు పులుపు, మిరపకాయ ఘాటు, నూనె చుక్క లేదు. పక్కనే 'నామ్ ప్రిక్'. మిరపకాయలు, వెల్లుల్లి, పులియబెట్టిన రొయ్యల ముద్ద రోట్లో నూరి, నిమ్మరసం పిండి, తాటిబెల్లం కలిపిన పచ్చడి. నంచుకోవడానికి ఉడికించిన కూరగాయలు. వాసనకి మొదట ముక్కు చిట్లించాను, అబద్ధమెందుకు? రెండో చెంచాకి మాత్రం కాకినాడలో మా పిన్ని వంటింట్లో ఉన్నాను. అన్నట్టు, మిరపకాయ మాదంటే మాదని ఎవరూ కొట్టుకోనక్కర్లేదు. వాళ్ళకీ మనకీ కూడా అది పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళ పుణ్యమే.

మా పిన్ని సంగతి చెప్పాలి. బాబాయి పోయాక కాలేజీ కుర్రాళ్ళకి మెస్ నడిపింది. తెల్లవారుఝామున నాలుగింటికి లేచేది. "పిన్నిగారూ, అచ్చం మా అమ్మ చేతి వంటేనండీ!" అంటూ లొట్టలు వేసేవాళ్ళు, మూడేసి నెలలు బాకీ పెట్టేవాళ్ళు. అమ్మకెవరైనా డబ్బులిస్తారా మరి! ఆ పొగడ్త అసలు పనేమిటో నాకు బ్యాంకాక్‌లో తెలిసింది. రేటు తగ్గించడానికి అంతకన్నా తియ్యటి మాట లేదు.

అదే పచ్చడి స్టార్ హోటల్లో ఆకు మీద బొట్టుపెట్టినంత వడ్డిస్తే, ఈ పెద్దమనిషే సర్వీసు చార్జీతో సహా కిక్కురుమనకుండా కట్టేవాడు. అదే బ్యాంకాక్‌లో జే ఫాయ్ అనే పెద్దావిడ రోడ్డు పక్కన బొగ్గుల మీద వండేది. 2017లో మిషెలిన్ నక్షత్రం వచ్చింది. అంతే, దేశదేశాల వాళ్ళూ ఆవిడ పీతల ఆమ్లెట్టు కోసం గంటలకొద్దీ క్యూ కట్టారు. నక్షత్రానికి ముందూ ఆ చెయ్యి అదే కదండీ!

"ఇల్లేగా, అద్దెలేదుగా?" అన్నాడాయన. ఇంటికి అద్దె లేదు సరే. చీకటితో మార్కెట్టుకెళ్ళే కాళ్ళకి? రోకలి పట్టిన రెక్కలకి? రోజూ ఒకే రుచి తెచ్చే జ్ఞాపకానికి? 60 బాట్లంటే మన లెక్కలో 150 రూపాయల చిల్లర. మన ఊళ్ళో పిజ్జా ముక్కకి చాలదు. ఇదంతా ఆయనతో అనే అన్నాను. "నవలలు రాసేవారు కదా, మీకు సెంటిమెంటు ఎక్కువ మేడమ్!" అని నవ్వాడు. నా నవలలు కూడా ఎవరిదగ్గరో అడిగి తెచ్చుకునే చదివుంటాడు.

ఆయన్ని అని ఏం లాభం? బి.ఏ. చదివిన మూడేళ్ళూ నేను పిన్ని మెస్సులోనే తిన్నాను. బంధుత్వం కదా, పైసా ఇచ్చిందిలేదు. సరుకుల కొట్టు బాకీకి ఆవిడ గాజులు తాకట్టుపెట్టిందని నాకు తెలుసు. తెలిసే, మారు అన్నం వడ్డించుకున్నాను.

ఇంటికొచ్చాక పిన్నికి ఫోన్ చేశాను. హోటలూ, పులుసూ, పచ్చడీ అన్నీ చెప్పాను. శ్రద్ధగా విని, "రోజుకి ఎన్ని ప్లేట్లు పోతాయే?" అని అడిగింది. లెక్క తెలియదన్నాను.

"అప్పు పెడతారా?"

"లేదు పిన్నీ. తినగానే డబ్బు ఇచ్చేయాలి."

"తెలివైంది," అంది పిన్ని.