గలెషెవే: పేరు ఇచ్చారు, నేల ఇవ్వలేదు

మన బడుల్లో దక్షిణాఫ్రికా పాఠం ఎలా చెబుతున్నామో ఒకసారి గుర్తు చేసుకుందాం. తెల్లవాళ్ళు నల్లవాళ్ళను చిన్నచూపు చూశారు. బస్సులు వేరు, బెంచీలు వేరు, ఇళ్ళు వేరు. మండేలా 27 ఏళ్ళు జైల్లో ఉన్నాడు. 1994లో అందరికీ ఓటు వచ్చింది. పాఠం అయిపోయింది, గంట కొట్టారు.

నేనూ అలాగే చదువుకున్నాను. కొన్నేళ్ళు అలాగే చెప్పాను కూడా. ఆ పాఠంలో అబద్ధం లేదు. కానీ అందులో నేల లేదు, గని లేదు, కంపెనీ లేదు. ఈ మూడూ తీసేస్తే జాతి వివక్ష ఏదో మనసుకు పట్టిన జబ్బులాగా కనిపిస్తుంది. మనుషులు మంచివాళ్ళయ్యారు, జబ్బు పోయింది అని పిల్లలు ఇంటికి పోతారు. అది తప్పు పాఠం. ముఖ్యంగా మన పిల్లలకు అది ప్రమాదకరమైన పాఠం. ఎందుకో చెప్పడానికి ఒక్క ఊరి కథ చాలు.

ఆ ఊరు కింబర్లీ. దాని అంచున ఉన్న నల్లవాళ్ళ పేట గలెషెవే. మన సింగరేణి ఊళ్ళలో టౌన్‌షిప్ అంటే కంపెనీ క్వార్టర్లు, నల్లాలు, కరెంటు, పార్కు. అక్కడ టౌన్‌షిప్ అంటే అర్థం తలకిందులు. పనికి కావాలి గాని పక్కన ఉండకూడదు అనుకున్న మనుషుల్ని ఊరి బయట పెట్టిన చోటు అది.

ఆ నేల ఎవరిది? గ్రిక్వాలు, బత్లాపింగ్ వాళ్ళు పశువులు మేపుకున్న నేల. 1867లో ఆరెంజ్ నది ఒడ్డున మొదటి వజ్రం బయటపడింది. 1869లో ఒక గ్రిక్వా పశువుల కాపరి పెద్ద వజ్రం తెస్తే, ఒక తెల్ల రైతు 500 గొర్రెలు, 10 ఎద్దులు, ఒక గుర్రం ఇచ్చి కొన్నాడు. వెంటనే 11 వేల పౌండ్లకు పైగా ధరకు అమ్ముకున్నాడు. 1871 జూలైలో ఒక చిన్న గుట్ట మీద వజ్రాలు తేలాయి. ఆ అక్టోబరులోనే బ్రిటిష్ వాళ్ళు ఆ ప్రాంతాన్ని తమదిగా ప్రకటించుకున్నారు. గ్రిక్వా పెద్ద వాటర్‌బోర్ హక్కును కాపాడతామనే పేరుతోనే ప్రకటించారు. కాపాడతామని వచ్చినవాళ్ళ చేతికే నేల పోయింది. ఈ మాట మనకు కొత్తగా వినిపిస్తోందా?

ఆ గుట్ట ఇప్పుడు లేదు. గుట్ట ఉన్నచోట 'బిగ్ హోల్' అనే గొయ్యి ఉంది. 1914లో పని ఆపేనాటికి 2 కోట్ల 25 లక్షల టన్నుల మట్టి తోడి, సుమారు 2,720 కిలోల వజ్రాలు తీశారు. చేత్తో తవ్విన గొయ్యిల్లో ప్రపంచంలో పెద్దవాటిలో ఒకటని గొప్పగా చూపిస్తారు. ఎవరి చేతులతో తవ్వారో మాత్రం మెల్లగా చెబుతారు.

మొదట్లో నల్లవాళ్ళూ సొంతంగా తవ్వుకున్నారు. తెల్ల తవ్వకందార్లకు అది నచ్చలేదు. నల్లవాడి చేతిలో వజ్రం ఉందంటే అది దొంగ సొమ్మే అన్నారు. 1872లో వాళ్ళ ఒత్తిడి మీద కొత్త నిబంధనలు వచ్చాయి. పనివాళ్ళు పేరు నమోదు చేయించుకోవాలి, పాస్ కాగితం దగ్గర పెట్టుకు తిరగాలి. కాగితం లేకుండా దొరికితే జైలు, లేదా కొరడా దెబ్బలు. చట్టంలో 'నల్లవాడు' అని రాయలేదు, 'సేవకుడు' అని రాశారు. సేవకుడు ఎవరో అందరికీ తెలుసు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈ తారీఖు దగ్గర ఆగండి. 1872. అపార్థైడ్ అనే మాటతో ఒక పార్టీ గెలిచింది 1948లో. అంటే సిద్ధాంతం కంటే 76 ఏళ్ళ ముందు పాస్ కాగితం వచ్చింది. ముందు గనికి కూలి కావాలి. ఆ కూలి చవకగా ఉండాలి, పారిపోకూడదు, పోటీకి రాకూడదు. దానికి తగిన ద్వేషాన్ని తరువాత తీరిగ్గా తయారు చేసుకున్నారు.

ఇంకో రుజువు చూడండి. 1883–84లో అక్కడ మశూచి వచ్చింది. మశూచి అని ఒప్పుకుంటే కూలీలు రారు, గని ఆగిపోతుంది. అందుకని కొందరు డాక్టర్లు అది మశూచి కాదని, వేరే చర్మరోగమని రాసిచ్చారు. వాళ్ళలో ఒకడు జేమ్‌సన్, సెసిల్ రోడ్స్‌కు ఆప్తమిత్రుడు. సుమారు 700 మంది చనిపోయారు, ఎక్కువమంది నల్లవాళ్ళు. ఇది ద్వేషం కాదు, లెక్క. ద్వేషం కంటే లెక్క క్రూరమైంది, ఎందుకంటే దానికి కోపం కూడా అక్కర్లేదు.

1885 నుంచి కంపెనీలు 'కాంపౌండ్' కట్టాయి. చుట్టూ ఎత్తైన గోడ, వజ్రం బయటికి విసరకుండా పైన ఇనుప వల. ఒప్పందం ఉన్నన్ని నెలలూ నల్ల కార్మికుడు బయటికి రాకూడదు. లోపలి అంగడి కూడా కంపెనీదే. ఒప్పందం ముగిసినవాణ్ణి బట్టలు విప్పించి, చేతులకు తోలు తొడుగులు వేసి, విరేచనాల మందు తాగించి రోజుల తరబడి గదిలో ఉంచేవారు, మింగిన వజ్రం పడుతుందేమోనని. అంతకుముందు తెల్ల కార్మికుల్నీ సోదా చేయబోతే వాళ్ళు సమ్మె చేశారు. 1884లో ఆ సమ్మెలో ఆరుగురు కాల్పుల్లో చనిపోయారు. తరువాత తెల్లవాళ్ళకు కాంపౌండ్ లేదు. వాళ్ళకు డి బీర్స్ కంపెనీ కెనిల్‌వర్త్ అనే తోటల ఊరు కట్టించింది. ఒకే గని, ఒకే కంపెనీ. ఒకరికి వల కప్పిన దొడ్డి, ఒకరికి పండ్లచెట్ల వీధి. సమ్మె చేసే కార్మికుల్ని రెండుగా చీల్చడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఏముంది?

"ఏమైనా పని ఇచ్చారు కదా" అనేవాళ్ళు ఉంటారు. మన ఊళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళకు నా జవాబు ఇది. సొంత పశువులు, సొంత పొలం ఉన్నవాడు ఆ గోడ లోపలికి తనంతట తాను ఎందుకు పోతాడు? పోయేలా చేయాలి. 1888లో డి బీర్స్‌ను పెద్ద కంపెనీగా నిలబెట్టిన రోడ్స్, 1890లో కేప్ కాలనీకి ప్రధానమంత్రి అయ్యాడు. గని యజమానే ప్రభుత్వం అయ్యాడు. 1894లో అతను తెచ్చిన గ్లెన్ గ్రే చట్టం, బయట కూలికి పోని ఆఫ్రికన్ మగవాడి మీద 10 షిల్లింగుల పన్ను వేసింది. 1913 భూచట్టం దేశంలో సుమారు 7 శాతం నేలను మాత్రమే ఆఫ్రికన్లకు మిగిల్చింది. తరువాత 13 శాతం చేస్తామన్నారు. జనాభాలో ఎక్కువమంది వాళ్ళే. కింబర్లీలో పత్రిక నడిపిన సోల్ ప్లాట్జే సైకిలెక్కి ఊళ్ళు తిరిగి, పశువులతో రోడ్డున పడ్డ కుటుంబాల్ని చూసి 1916లో పుస్తకం వేశాడు. ముందు నేల తీసుకో, తరువాత పన్ను వెయ్యి, ఆ తరువాత పని ఇచ్చానని చెప్పుకో. వాళ్ళు పని ఇచ్చిన పద్ధతి ఇది.

ఇప్పుడు గలెషెవే పేరు సంగతి. గలెషెవే బత్లాపింగ్ నాయకుడు. 1878లో బ్రిటిష్ వాళ్ళ మీద తిరగబడి జైలుకు పోయాడు. 1896లో పశువులకు ముసర రోగం వచ్చింది. రోగాన్ని ఆపే పేరుతో ప్రభుత్వం వాళ్ళు హద్దు దాటిన పశువుల్ని కాల్చేశారు. మళ్ళీ పోరు లేచింది. లాంగెబర్గ్ కొండల్లో 1897 దాకా నడిచింది. లూకా యాంట్యే అనే నాయకుడు అక్కడ చంపబడ్డాడు, గలెషెవే మళ్ళీ జైలుకు పోయాడు. ఆ జనం నేలలు జప్తు చేశారు. ఎందరినో దూరాన కేప్ రైతుల పొలాలకు వెట్టికి పంపారు.

కాంపౌండ్‌లో పట్టని కూలీలకు, వంటపనివాళ్ళకు, వాళ్ళ కుటుంబాలకు ఊరి బయట 'లొకేషన్లు' గీశారు. వాటికి పేర్లు కూడా లేవు, అంకెలే. నంబర్ 1, నంబర్ 2, నంబర్ 3. అలాంటి అంకెల పేటలోంచి పెరిగిన టౌన్‌షిప్‌కు తరువాత గలెషెవే పేరు పెట్టారు. నేల కోసం జైలుకు పోయినవాడి పేరును, నేల లేనివాళ్ళను ఉంచిన చోటికి పెట్టారు.

మనకు 2016లో కొమురం భీం పేరుతో జిల్లా వచ్చింది. 2022లో అల్లూరి పేరుతో వచ్చింది. సంతోషించాం, దండలు వేశాం. తప్పు లేదు. కానీ భీం అడిగింది బోర్డు మీద పేరు కాదు, జల్ జంగల్ జమీన్. పేరు వచ్చిన రోజున పట్టా సంగతి అడగడం మరిచిపోతే మనం గలెషెవే కథ సగమే చదివినట్టు.

ఆ పేటలో జనం ఊరుకోలేదు. 1952 నవంబరులో, పాస్ చట్టాల మీద దేశమంతా ధిక్కార ఉద్యమం నడుస్తున్నప్పుడు, గలెషెవేలో మున్సిపాలిటీ బీరు హాలు మీద జనం తిరగబడ్డారు. పోలీసులు కాల్చారు, 13 మంది చనిపోయారు. బీరు హాలు మీద ఎందుకు? ఆడవాళ్ళు ఇంట్లో జొన్న బీరు కాస్తే నేరం. అదే బీరు మున్సిపాలిటీ అమ్మితే ఆదాయం. ఆ ఆదాయంతోనే లొకేషన్ నడుపుతారు. అంటే నీ కాపలాదారు జీతం నీ చేత తాగించి వసూలు చేస్తారు. ఇంట్లో కాచిన ఇప్పసారాకు కేసు పెట్టి, గూడెం దాకా సర్కారు మందు తెచ్చిన కాలం చూసిన మన తల్లులకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

పాస్ చట్టాల మీద 1960 ఉద్యమానికి పిలుపిచ్చిన రాబర్ట్ సొబుక్వేను రాబెన్ దీవి జైలు నుంచి 1969లో ఈ గలెషెవేకే పంపారు. విడుదల అన్నారు గాని అది ఇంటి నిర్బంధం. 1978లో కింబర్లీలోనే చనిపోయాడు. ప్రభుత్వం ఆ పేటను జైలుకు బదులుగా వాడుకుంది. జైలులాగా పనికొచ్చిందంటే అది ఎలా కట్టబడిందో ఇంకెవర్ని అడగాలి?

1994లో చట్టం మారింది. అది చిన్న గెలుపు కాదు, ప్రాణాలు పోసి తెచ్చుకున్న గెలుపు. కానీ వీధులు చట్టంతోపాటు లేచి నడవవు. గొయ్యి అక్కడే ఉంది, తోటల ఊరు అక్కడే ఉంది, గలెషెవే అక్కడే ఉంది. 2005లో డి బీర్స్ కింబర్లీలో భూగర్భ తవ్వకం ఆపేసింది. వజ్రాలు వెళ్ళిపోయాయి, గుట్టలుగా పోసిన పాత మట్టి మిగిలింది. పని లేని నల్ల యువకులు ఆ మట్టిని జల్లెడ పట్టి బతకబోతే వాళ్ళను చొరబాటుదార్లన్నారు. పోరాడగా పోరాడగా 2018లో కొన్ని వందల మందికి అనుమతి దొరికింది. తాతలు తోడిన మట్టిని మనవలు జల్లించుకోవడానికి 2018లో అనుమతి!

మన స్థితీ వాళ్ళ స్థితీ ఒకటేనని నేను అనను. మనకు ఐదో షెడ్యూల్ ఉంది, 1/70 ఉంది. అనంతగిరి కొండల గనుల మీద వచ్చిన 1997 సమతా తీర్పు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గని లీజు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. గలెషెవే చేతిలో ఇలాంటి కాగితం ఒక్కటి ఉంటే ఏమయ్యేదో! మన చేతిలో ఉంది. చదవకుండా పెట్టెలో పెట్టుకున్నాం.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఈసారి దక్షిణాఫ్రికా పాఠం వచ్చినప్పుడు బెంచీల దగ్గర మొదలుపెట్టకండి. నల్లబల్ల మీద ఒక గుట్ట గీయండి. ఇది ఎవరి గుట్ట అని అడగండి. తరువాత గుట్ట చెరిపి గొయ్యి గీయండి. పక్కన రెండు ఊళ్ళు గీసి, ఎవరు ఎక్కడ ఉంటారు, ఎవరు నిర్ణయించారు అని అడగండి. పిల్లలు జవాబు చెబుతారు. గుట్ట పోతే ఏమవుతుందో మన పిల్లలకు పుస్తకం కంటే ముందే తెలుసు.