గంజాయి కంపెనీల వాటాల తగాదా: కూలీ మాటేమిటి?

కెనడా దేశంలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి సాగు, అమ్మకం చట్టబద్ధమయ్యాయి. ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీల వాటాలు కొన్నవాళ్లు కోర్టుల ముందు బారులు తీరారు. లెక్కలు దాచారని, అబద్ధాలు చెప్పి వాటాలు అంటగట్టారని దావాల మీద దావాలు వేశారు.

ఎక్కడో కెనడాలో డబ్బున్నవాళ్ల తగాదా మనకెందుకు అని అనుకోవచ్చు. గంజాయి అంటే మన కూలీలకు తెలిసింది విశాఖ మన్యం, పోలీసు దాడులు, జైలు. అదే మొక్క మీద అక్కడ కోట్ల డాలర్ల వ్యాపారం నడిచింది, కూలింది. కూలినప్పుడు నష్టం ఎవరి నెత్తిన పడిందో, పరిహారం ఎవరి చేతికి పోయిందో చూడటం మనకు అవసరమే.

అమ్మింది పంట కాదు, ఆశ

టిల్రే అనే కంపెనీ 2018 జులైలో తన వాటాను 17 డాలర్లకు అమ్మింది. సెప్టెంబరులో ఒకరోజు ఆ వాటా 300 డాలర్లు తాకింది. రెండు నెలల్లో తోటలో దిగుబడి పదిహేడు రెట్లు పెరిగిందా? లేదు. రేపు వస్తాయనుకున్న లాభాల మీద ఇవాళ జూదం నడిచింది, అంతే. ఆ ఏడాది ఆగస్టులోనే కాన్‌స్టలేషన్ అనే అమెరికా మద్యం కంపెనీ, కెనోపీ గ్రోత్ అనే గంజాయి కంపెనీలో 500 కోట్ల కెనడా డాలర్లు పెడతానని ప్రకటించింది.

వచ్చిన డబ్బుతో కంపెనీలు పోటీలు పడి ఎకరాలకొద్దీ గాజు షెడ్లు వేశాయి. సరుకు గుట్టలుపడింది. ధర పడిపోయింది. పన్ను మాత్రం తగ్గలేదు. గ్రాముకు కనీసం ఒక డాలరు కట్టాల్సిందే. ఇది మన మిర్చి రైతుకూ పొగాకు రైతుకూ తెలిసిన కథే. తేడా ఒక్కటే. ఇక్కడ రైతు తన నష్టం తానే మోస్తాడు. అక్కడ కంపెనీ దాన్ని చిన్న మదుపుదారుల మీదికీ కార్మికుల మీదికీ తోసేసింది.

తెల్ల పరదా వెనుక

కాన్‌ట్రస్ట్ అనే కంపెనీ సంగతి చూడండి. అంటారియో రాష్ట్రంలో పెల్హామ్ అనేచోట దానికి పెద్ద గాజు షెడ్డు ఉండేది. అందులో ఐదు గదుల్లో 2018 అక్టోబరు నుంచి 2019 మార్చి దాకా లైసెన్సు లేకుండానే గంజాయి పెంచారు. ఆ తర్వాత మే నెలలో అదే కంపెనీ వాటాలు అమ్మి దాదాపు 17 కోట్ల అమెరికా డాలర్లు పోగుచేసింది.

గుట్టు బయటపెట్టింది ఆడిటర్లు కాదు, అక్కడ పనిచేసిన ఒక కార్మికుడు. తనిఖీవాళ్లకు పంపే ఫోటోల్లో మొక్కలు కనపడకుండా తెల్ల పరదాలు కట్టించారని అతను ప్రభుత్వానికి రాశాడు. 2019 జులైలో నిజం బయటపడింది, వాటా ధర కుప్పకూలింది. సెప్టెంబరులో లైసెన్సు నిలిపేశారు. అక్టోబరులో సుమారు 7 కోట్ల 70 లక్షల కెనడా డాలర్ల విలువైన సరుకునూ మొక్కలనూ ధ్వంసం చేస్తామని కంపెనీ ప్రకటించింది. 2020 మార్చిలో అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

చివరికేమైంది? వాటాదారుల దావాలు 2021లో దాదాపు 13 కోట్ల కెనడా డాలర్లకు రాజీ అయ్యాయి. కంపెనీ మాజీ పెద్దలు ముగ్గురి మీద పెట్టిన కేసు నిలబడలేదు. 2022 డిసెంబరులో వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. మరి 2019 సెప్టెంబరులోనే పని పోగొట్టుకున్న సుమారు 180 మంది మాటేమిటి? వాళ్లు చేసిన తప్పేమీ లేదు. అయినా మొదటి శిక్ష వాళ్లకే పడింది.

కూలీకి ఏ కోర్టు?

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. కెనోపీ 2020 మార్చిలో బ్రిటిష్ కొలంబియాలో రెండు పెద్ద షెడ్లు మూసి 500 మందిని పంపేసింది. 2023 ఫిబ్రవరిలో మరో 800 మందిని తీసేసింది. స్మిత్స్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో ఒకప్పుడు హెర్షీ వాళ్ల చాక్లెట్ ఫ్యాక్టరీ ఉండేది. అది మూతపడ్డాక ఆ భవనంలోకి కెనోపీ వచ్చింది, ఊరికి మళ్లీ పని దొరికిందని జనం సంబరపడ్డారు. కెనోపీ దాన్నీ మూసి, 2023లో తిరిగి హెర్షీకే అమ్మేసింది. అదే ఏడాది తన అనుబంధ సంస్థ అమ్మకాల లెక్కలు తప్పని ఒప్పుకుంది. వాటాదారులు మళ్లీ కోర్టుకు పోయారు.

వాటాదారు మోసపోతే వేలమంది కలిసి ఒకే దావా వేయొచ్చు. వాళ్లలో ఆశపడి పొదుపు డబ్బు పోగొట్టుకున్న సామాన్యులూ ఉన్నారు. వాళ్లకు పరిహారం రావాల్సిందే. కాని యజమాని మోసం వల్ల పని పోయిన కూలీకి ఆ దావాలో చోటు లేదు. పైగా అంటారియోలో వ్యవసాయ కూలీలు మామూలు కార్మిక సంబంధాల చట్టం కిందికి రారు. 2002 నాటి వేరే చట్టం ప్రకారం వాళ్లు సంఘం పెట్టుకోవచ్చు గాని, సమ్మె చేసే రక్షణ లేదు. గాజు షెడ్లలో గంజాయి పెంచేవాళ్లూ వ్యవసాయ కూలీలే అని అక్కడి లేబర్ బోర్డు 2018లో తేల్చింది. వాటా అమ్మేటప్పుడు అది మహా పరిశ్రమ. కూలీ హక్కు అడిగితే మాత్రం అది పొలం!

మనం అడగాల్సినవి

మన దేశంలో 1985 చట్టం ప్రకారం 20 కిలోలకు మించి గంజాయితో పట్టుబడితే కనీసం పదేళ్ల కఠిన శిక్ష. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు మన్యంలో వేల ఎకరాల తోటలు నరికేశారు. మూట మోసిన గిరిజన యువకుడు జైల్లో పడతాడు, పెట్టుబడి పెట్టిన వ్యాపారి చేతికి చిక్కడం అరుదు. ఇంకోవైపు నార కోసం, మత్తు తక్కువుండే రకం సాగుకు ఉత్తరాఖండ్ 2018లోనే లైసెన్సు ఇచ్చింది.

గంజాయే కానివ్వండి, మరో కొత్త పంటే కానివ్వండి, రేపు కంపెనీలు ఒప్పంద పత్రాలతో మన ఊళ్లకు వస్తే తొందరపడి వేలిముద్ర వేయొద్దు. ధర పడితే నష్టం ఎవరిది? కంపెనీ మూతపడితే కూలి బాకీ ఎవరు తీరుస్తారు? కూలీల సంఘంతో కూర్చుని మాట్లాడతారా? తప్పు బయటపెట్టిన కార్మికుడికి రక్షణ ఏది? వీటికి జవాబులు కాగితం మీద రాయించుకోవాలి. కంపెనీ మూతపడ్డాక అడిగితే వినేవాడుండడు. అడగాల్సింది నాట్లు పడకముందే, అదీ సంఘంగా.