హెల్మెట్ ఉంది సరే... కంటికేది?

సాయంత్రం ఆరున్నర దాటితే ఊరి బయట రోడ్ల మీద ఓ సీన్ కామన్. హెడ్‌లైట్ వెయ్యగానే పొలాల్లోని పురుగులన్నీ ఎదురొస్తాయి. మనవాళ్లేమో ఒక కన్ను మూసి, తల కాస్త వంచి, అలాగే లాగించేస్తుంటారు. హెల్మెట్ ఉంటుంది. దాని వైజర్ మాత్రం నెత్తి మీద ఉంటుంది!

చిన్న లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. కంట్లో నలుసు పడి రెండు సెకన్లు కళ్లు మూసుకుంటే 33 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. ఆ దూరంలో గేదె ఉండొచ్చు, గుంత ఉండొచ్చు, సడన్‌గా ఆగిన ఆటో ఉండొచ్చు. పురుగు కంటే ఆ రెండు సెకన్లే డేంజర్.

అందుకే ఫస్ట్ ఆప్షన్, ఆల్రెడీ మీ దగ్గరున్న వైజరే. దాన్ని కిందికి దించండి చాలు. ఆవిరి పడుతోందా? కొద్దిగా ఎత్తి గాలి ఆడనివ్వండి, లేదా యాంటీ ఫాగ్ షీట్ అతికించండి. గీతలు పడిందా? రాత్రి ఎదురొచ్చే లైట్లన్నీ ఆ గీతల్లో చెదిరి కళ్లలో కొడతాయి. కొత్త హెల్మెట్ కొనక్కర్లేదు, చాలా మోడల్స్‌కి వైజర్ ఒక్కటే విడిగా దొరుకుతుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు ఖాయం. తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి, మురికి నానాక మెల్లగా తుడవండి. పెట్రోలు, థిన్నర్ జోలికి అస్సలు పోకండి.

వైజర్ లేని హెల్మెట్ వాడేవాళ్లకు కళ్లజోడు తప్పదు. కొనేముందు ఇవి చూసుకోండి.

లెన్స్: గాజు వద్దు, పాలికార్బొనేట్ అడగండి. గాజుకి రాయి తగిలితే పగిలి, ముక్కలు కంట్లోకే వస్తాయి. పవర్ అద్దాలు వాడేవాళ్లు కూడా ఆప్టికల్ షాపులో ఇదే అడగొచ్చు.

ఆకారం: పక్కల నుంచి గాలి, దుమ్ము దూరకుండా ముఖానికి చుట్టుకున్నట్టు ఉండాలి. కాడలు సన్నగా, తిన్నగా ఉంటే హెల్మెట్ కింద చెవులు నొప్పెట్టవు. షాపుకి హెల్మెట్ తీసుకెళ్లి, పెట్టుకుని మరీ ట్రై చేయండి.

యూవీ 400: నల్లగా ఉంటే కళ్లకు సేఫ్ అనుకోవడం పొరపాటు. ముదురు రంగు అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది. యూవీని ఆపే గుణం లేకపోతే ఆ కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి వెళ్తాయి.

రంగు: పగటి ఎండకి కేటగిరీ 3 సరిపోతుంది. కేటగిరీ 4 మరీ ముదురు, డ్రైవింగ్‌కి పనికిరాదు. రాత్రికి క్లియర్ గ్లాసే. 'నైట్ విజన్' పేరుతో అమ్మే పసుపు అద్దాలు ఉన్న కాస్త వెలుతురునీ తగ్గిస్తాయి తప్ప చూపు పెంచవు.

పోలరైజ్డ్: తడి రోడ్డు మీద మెరుపు తగ్గిస్తుంది, నిజమే. కానీ కొన్ని డిజిటల్ మీటర్లు, ఫోన్ స్క్రీన్లు దానిలోంచి నల్లగా కనబడతాయి. కొనేముందు మీ బండి మీటర్ చూసి చెక్ చేసుకోండి.

ఇంత చేసినా కంట్లో ఏదైనా పడితే? బండి పక్కకి ఆపండి. నలపొద్దు. శుభ్రమైన నీళ్లతో కడగండి. గుచ్చుకుంటే మాత్రం మీరు పీకొద్దు. నొప్పి తగ్గకపోయినా, చూపు మసకగా అనిపించినా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

బండి స్టిక్కరింగ్‌కి వేలు పోసేవాళ్లం, వైజర్‌కి వందలు పెట్టడానికి వెనకాడితే ఎలా? ఈ రాత్రికి ఓ పని చేయండి. మీ వైజర్‌లోంచి వీధి దీపం చూడండి. వెలుగు గీతలు గీతలుగా చెదిరిందా... దాని టైమ్ అయిపోయినట్టే!