సేనలో చేరువాడు దాచిన మాట

ఈ పత్రికలో విత్తనములు, ఎరువులు, వాయిదాలు తప్ప సేనల ప్రసంగమేల యని సభ్యులు కొందరు అడుగవచ్చును. మన గ్రామములనుండి ఏటేట యువకులు సైన్యమునకు పోవుచునే యున్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునకు మిలిటరీ మాధవరమను పేరే స్థిరపడినది. 2022 నుండి అగ్నిపథ పద్ధతిపై గుంటూరు, విశాఖపట్టణము, సికిందరాబాదు కార్యాలయముల క్రింద జరుగు ఎంపికలకు పోవువారిలో రైతుబిడ్డలు అనేకులు. వారు కాగితములు నింపునపుడు పెద్దలును స్నేహితులును చెప్పు సలహాలను గూర్చియే మేమిక్కడ విచారింపదలచినాము. ఈ విచారణకు అమెరికా సేనల యనుభవము మిక్కిలి యుపకరించును గనుక ముందు దానిని చెప్పెదము.

ఆ దేశమున సేనలో చేరగోరువానిని, గంజాయి మొదలగు మత్తుపదార్థములు పూర్వమెన్నడైన సేవించితివా యని అడుగుదురు, మూత్రపరీక్షయు చేయుదురు. పరీక్ష ఇటీవలి సేవనమును మాత్రమే పట్టగలదు. రెండేండ్ల క్రిందట స్నేహితులతో కూడి త్రాగిన పొగ అందులో కనబడదు. కావున చాలకాలము వాని నోటిమాటయే ముఖ్యమైన యాధారముగా నుండెను. 2022 నుండి ప్రవేశపరీక్షా కేంద్రములలో వచ్చిన క్రొత్త పద్ధతివలన బయటి వైద్యశాలల రికార్డులుకూడ అధికారులకు అందుచున్నవి. ఎన్నడో వైద్యునితో చెప్పి మరచిన మాట, సేనాధికారి యెదుట తెరపైకి వచ్చుచున్నది.

"సేవింపలేదు" అని వ్రాసి చేరినవాని సంగతి శిక్షణకాలములో బయటపడినచో, దానిని మోసపు చేరిక యందురు. పూర్వము వారి సైనిక న్యాయస్మృతిలో 83వ అధికరణముగా నుండి, 2019 జనవరి 1 నుండి 104-ఎ యైన నిబంధన యిది. తన యర్హతను గూర్చి తెలిసి యబద్ధమాడుటగాని బుద్ధిపూర్వకముగా దాచుటగాని యొకటి. ఆ చేరికవలన జీతమో భత్యమో పుచ్చుకొనుట రెండవది. ఈ రెండును కలిసిననే నేరము పూర్తియగును. గరిష్ఠశిక్ష రెండేండ్ల నిర్బంధమును, అవమానకరమైన డిశ్చార్జియును. శిక్షణలో నున్న క్రొత్తవారి విషయమున వ్యవహారము సాధారణముగా విచారణవరకు పోదు. కాగితములు వ్రాసి యింటికి పంపివేయుదురు. శిక్ష తక్కువయే గాని, ఊరందరు సాగనంపిన పిల్లవాడు నెలతిరుగకమునుపే మూటతో తిరిగివచ్చుట యెట్టిదో మన పల్లెలలో వేరుగ చెప్పనక్కరలేదు.

మెరీను దళమువారి పద్ధతి యొకటి గమనింపదగినది. పారిస్ ద్వీపమునను శాన్ డియాగోలోను వారికి శిక్షణాస్థలములు కలవు. అక్కడికి చేరిన మొదటి దినములలోనే క్రొత్తవారినందరిని కూర్చుండబెట్టి, మీరు దాచినదేదైన నున్నచో ఇప్పుడే చెప్పుడు, ఇది కడపటి యవకాశము అని అడుగుదురు. దానికి "నిజము చెప్పవలసిన ఘడియ" యని పేరు. అప్పటికి వానికి తల గొరిగియుందురు. నిద్ర చాలదు. చుట్టును కేకలు. ఆ స్థితిలో పదునెనిమిదేండ్లవాడు ఏమని యాలోచించును? చెప్పినయెడల అధికారి క్షమించి సడలింపు నీయవచ్చును, ఇంటికి పంపనువచ్చును. చెప్పకున్నచో బయటపడకపోవచ్చును. "ఏమియు చెప్పవద్దు, అంతయు సరిపోవును" అని చేర్చినవాడు ముందే చెవిలో నూదియున్నచో, వాని నాలుక కదలునా?

చేర్చుకొను ఉద్యోగులలో ఇట్టివారుండుట కట్టుకథ కాదు. అమెరికా ప్రభుత్వపు గణన పరిశోధన కార్యాలయము 2006లో ప్రకటించిన నివేదికననుసరించి, ఇట్టి ఉద్యోగుల యక్రమములను గూర్చిన ఆరోపణలు 2004 ఆర్థిక సంవత్సరమున సుమారు 4,400, 2005లో 6,500. విచారణలో నిజమని తేలినవి 400కు పైనుండి 630 దాపునకు పెరిగినవి. నెలకింతమందిని చేర్చితీరవలెనను లెక్క మీద కూర్చున్నవానికి, సత్యము చెప్పు పిల్లవాడు అడ్డుగానే కనబడును. ఈ జాడ్యము మన పరపతి సంఘములకు తెలియనిది కాదు. సభ్యుల సంఖ్య చూపుటకై, "పాత బాకీ కాగితములో వ్రాయకుమయ్యా" అని రైతుకు బోధించు గుమాస్తాలను ఈ పత్రిక చదువరులు చూచియే యుందురు. వాయిదా తప్పినపుడు నోటీసు వచ్చునది రైతునకు, గుమాస్తాకు గాదు.

అడుగుటయే అన్యాయమని మేమనము. సేనకు ఆ భయమునకు కారణము కలదు. 1981 మే 26వ తేదీ రాత్రి నిమిట్జ్ అను విమానవాహక నౌకపై దిగుచున్న విమానము కూలి 14 మంది మరణించిరి. మృతులైన నౌకాసిబ్బందిలో కొందరి దేహములలో గంజాయి జాడలు కనబడినవి. ప్రమాదమునకు గంజాయియే కారణమని నావికాదళము చెప్పలేదు. అయినను అప్పటినుండి పరీక్షలును కట్టుబాట్లును మిక్కిలి కఠినములైనవి. ప్రక్కవాని ప్రాణము తన చేతిలో నున్న పనికి మత్తు తగదని ఎవరికైన బోధపడును.

కాని, నేడు మత్తులో నుండుట వేరు, నిన్నటి మత్తు వేరు. దీనికి ఆ సేనలలోనే యొక గొప్ప నిదర్శనము కలదు. వియత్నాము యుద్ధకాలమున అమెరికా సిపాయీలు అనేకులు హెరాయినుకు లోబడిరి. 1971లో, ఇంటికి మరలువారందరికి మూత్రపరీక్ష చేయ నారంభించిరి. లీ రాబిన్స్ అను విదుషి వారిని తరువాత పరిశీలించి చూడగా, అక్కడ బానిసలైనవారిలో ఇల్లు చేరిన మొదటి సంవత్సరమున మరల బానిసలైనవారు నూటికి సుమారు 5 మంది మాత్రమే. చోటు మారి, సహవాసము మారి, చేతికి పని దొరకినపుడు అలవాటు వదలినది. హెరాయిను విషయమే యిట్లుండగా, పదునేడవ యేట రెండుమార్లు గంజాయి పొగ పీల్చినవానిని జన్మాంతము అనర్హుడనుట మాకు సమ్మతము గాదు. ఆ సేనలును కొంత మెత్తబడుచున్నవి. ప్రవేశపరీక్షలో గంజాయి బయటపడినవానికి 90 దినముల తరువాత మరల పరీక్షకు వచ్చు అవకాశమును వాయుసేన 2022లో ఆరంభించినది.

మా వృత్తిలోనుండి యొక మాట. వేరుశనగ చేనిలో క్రిందటేడు మొదలుకుళ్లు తెగులు వచ్చియుండగా, ఆ సంగతి దాచి, ఈ యేడు ఏ విత్తనము వేయుదుమని మమ్మడుగు రైతులు కలరు. చేను చెడ్డదందురేమో యని వారి భయము. తెగులు బీజము నేలలో నిలిచియే యుండును. చెప్పినయెడల పంట మార్పించెదము, విత్తనశుద్ధి చేయించెదము. చేనిని ఎవరును వెలివేయరు. దాచినయెడల మేమిచ్చు సలహాయే ఆ చేనికి హాని యగును. సైనిక వైద్యుడును ఇట్టివాడే. చెప్పినదానికే వైద్యము చేయగలడు.

కర్ణుని కథ యెరుగనివారు లేరు. బ్రాహ్మణుడనని చెప్పి పరశురామునియొద్ద అస్త్రవిద్య నేర్చెను. పురుగు తొడను తొలుచుచున్నను గురువునకు నిద్రాభంగమగునని కదలక యోర్చుకొనెను. ఆ యోర్పే వానిని పట్టియిచ్చినది. అంతటి శిష్యుని శపించుట న్యాయమా యని పురాణశ్రోతలు నేటికిని వాదింతురు. మేము కర్ణుని పక్షమువారమే. అయినను, తనకు తానుగ ముందే చెప్పి యుండినచో కథ మరియొక విధముగా నడచెడిది గదా యను విచారము మమ్ము విడువదు. పట్టుబడినవానిని, తానై చెప్పినవానిని ఒకే త్రాసున తూచరాదు. మెరీనుల ఘడియలో నోరు విప్పినవానిని ఇంటికి పంపుట మా యుద్దేశమున తెలివిమాలిన పని. రేపటి బంటులకు మౌనమే మేలని నేర్పినట్లగును. ఒకవేళ పంపవలసి వచ్చినను, నోరు మూయించిన ఉద్యోగిని కూడ ఆ విచారణలో నిలబెట్టవలెను.

ఇక మన దేశము సంగతి. 1950 సంవత్సరపు సైనిక చట్టము 44వ సెక్షను ప్రకారము, చేరిక పత్రములోని ప్రశ్నకు తెలిసి అబద్ధపు జవాబిచ్చినట్లు బయటపడినవానికి సైనిక న్యాయస్థానము అయిదేండ్లవరకు కారాగారశిక్ష విధింపవచ్చును. అమెరికావారి రెండేండ్లతో పోల్చి చూడుడు. పూర్వపు కేసులను ఉద్యోగపు కాగితములలో దాచినవారిని గూర్చి 2016లో అవతార్ సింగు వ్యాజ్యెమున సుప్రీముకోర్టు విపులముగా తీర్పు చెప్పినది. ఇచ్చు సమాచారము సత్యమై యుండవలెననియు, అయితే చిన్నవయసున జరిగిన అల్పదోషమైనచో దాచినను యజమాని క్షమింపవచ్చుననియు అందు కలదు. క్షమింపవచ్చును, క్షమించితీరవలెనని లేదు. ఈ భేదమును యువకులు బాగుగ గుర్తెరుగవలెను.

తూర్పు కనుమలలో ఆంధ్ర ఒడిశా సరిహద్దున పండు గంజాయి నేడు మైదానపు పల్లెలకును దిగివచ్చుచున్నది. బిడ్డకు ఆ యలవాటు తగిలినదని తెలిసిన తండ్రి, పరువు పోవునని దాచి, పటాలమునకు పంపిన బాగుపడునని తలచుట కలదు. అది వైద్యశాల పని, పటాలము పని గాదు. 1985 సంవత్సరపు మత్తుపదార్థముల చట్టమున గంజాయి సేవించుటకు ఆరుమాసములవరకు ఖైదు కలదు. కాని అదే చట్టపు 64-ఎ సెక్షను క్రింద, అలవాటుపడినవాడు తానై వచ్చి ప్రభుత్వ వైద్యశాలలోనో గుర్తింపుగల సంస్థలోనో చికిత్స పూర్తిగా పొందినచో, సేవించిన నేరమునకు ప్రాసిక్యూషను లేకుండ రక్షణ కలదు. ఈ సెక్షను సంగతి పల్లెలలో తెలిసినవారు అరుదు. ముందు చికిత్స, ఆ చీటీలు భద్రము, తరువాత సేన. చేరికవేళ అడిగినచో ఉన్నది ఉన్నట్లు చెప్పి, చీటీలు చూపవలెను. ఆ యేడు త్రోసివేసినను ఇంటియొద్ద పొలమున్నది. అయిదేండ్ల కారాగారము మాత్రము లేదు.

సంఘపు కార్యాలయములో సాయంకాలములందు గుమాస్తాచేత దరఖాస్తులు నింపించుకొను యువకులు మన సభ్యుల పిల్లలే. "ఆ గడిలో లేదని కొట్టివేయుము, ఎవరు చూచెదరు" అని ప్రక్కనుండి చెప్పువాడు అక్కడ తప్పక యుండును. అప్పు పత్రమునకు జామీను అడిగినట్లు, ఈ మాటకు నీవు జామీనుగ సంతకము చేసెదవా యని వానిని అడిగి చూడుడు.