తేలికయు, చవుకయు నగు లాప్‌టాపు

ఇటీవల మాకు వచ్చు జాబులలో లాప్‌టాపులను గూర్చినవి హెచ్చుచున్నవి. అమ్మాయి కాలేజీలో చేరినది, రెండు బస్సులు మారి పోవలెను గనుక తేలికగా నుండవలెననియు, వెల 35 వేలకు మించరాదనియు నొక సోదరి వ్రాసినారు. ఇంటనే చీరలమ్ముచు, ఫోనులో లెక్కలు వ్రాసి వ్రాసి కన్నులు మండుచున్నవని మరియొకరు. ఇరువురడిగిన ప్రశ్న యొక్కటే: తేలికగాను చవుకగాను ఉండున దేది? ఒక పేరు చెప్పి యూరకుండుట మాకు సులభమే గాని, కొన్ని నెలలు గడచునప్పటికి ఆ పేరు అంగడిలో నుండదు. కావున యంత్రమును పరీక్షించు విధమునే చెప్పుచున్నాము.

వెంట గొనిపోదగిన కంప్యూటరని పేరొంది విరివిగా అమ్ముడుపోయిన వానిలో మొదటిది 1981లో అమెరికాలో వెలువడిన ఆస్బర్న్-1. దానిని వెలువరించిన ఆడమ్ ఆస్బర్న్ బాల్యమున కొంతకాలము మన పొరుగున తిరువణ్ణామలైలో పెరిగినవాడు. తండ్రి రమణ మహర్షుల భక్తుడు. ఆ యంత్రము మూత బిగించిన కుట్టుమిషను వలె నుండెడిది. బరువు దాదాపు 11 కిలోలు. తెర 5 అంగుళములు. 2007లో తైవాను దేశపు ఆసుస్ సంస్థవారి 'ఈ పీసీ' కిలో లోపునకు దిగినది, వెలయు దిగినది. మరుసటి జనవరిలో ఆపిల్ సంస్థ యధిపతి స్టీవ్ జాబ్స్ మాక్‌బుక్ ఎయిరును కాగితపు కవరులో నుండి తీసి సభవారికి జూపెను. పలుచననిదే గాని వెల 1,799 డాలర్లు. నేడు మన అంగళ్లలో తేలిక యంత్రములని యమ్ముచున్నవన్నియు ఈ రెంటి వంశమునకు జెందినవే. బరువును వెలయు నొక్కమారే తగ్గింపవలసి వచ్చినపుడు తయారుచేయువారు దేనిని తీసివేయుదురో, అదియే మనము చూడవలసినది.

ముందుగా తీసివేయునది బ్యాటరీ. దాని శక్తిని వాట్-గంటలలో చెప్పుదురు. 42 వాట్-గంటల బ్యాటరీ గల యంత్రము గంటకు 7 వాట్-గంటల చొప్పున ఖర్చుచేసిన 6 గంటలు నడచును. తెర కాంతిని పెంచినను, వీడియోలో పాఠము వినుచున్నను ఖర్చు హెచ్చి ఆ గంటలు తరుగును. తూకము తగ్గినదని సంతోషించుటకు ముందు ఈ అంకె నడుగవలెను. చిన్న బ్యాటరీ యున్నచో నిత్యము ఛార్జరును మోయక తప్పదు. తగ్గిన బరువు సంచిలోనికి మరల వచ్చి చేరినట్లే.

అంతకంటె ముఖ్యమైనది కంటికి కానరాదు. ర్యామ్ అనునది వంటగట్టు వంటిది. నిలువ స్థలము కొట్టుగది వంటిది. కొట్టుగది యెంత పెద్దదైనను గట్టు జానెడైనచో కూర తరుగునప్పుడు పప్పుగిన్నె నెచట దింపగలము? చవుక యంత్రములలో పెక్కింటికి 4 జి.బి. ర్యామును, 64 జి.బి. నిలువయు నుండును. 2021లో వెలువడిన విండోస్ 11 నడచుటకు మైక్రోసాఫ్టువారు విధించిన కనీస పరిమాణములును సరిగా ఇవియే. కనీసమనగా గంజి త్రాగి బ్రదుకుట. దానితో బరువు పని చేయలేము. ఆ 64 జి.బి.లలోను విండోసు తానే పెద్ద భాగము నాక్రమించును. పిమ్మట వచ్చు సవరణలకు చోటు చాలక యంత్రము మొరాయించును. అప్పుడు పెంచుకొందమన్నను పలుచని యంత్రములలో అనేకమునకు ర్యామును లోపలి పలకకే టంకము వేసి యతికించి యుందురు. ఇ.ఎమ్.ఎమ్.సి. అను చవుక రకపు నిలువయు నట్లే అతుకబడి యుండును. కొన్ననాడున్నదే కడవరకు. కావున 8 జి.బి. ర్యామును, 256 జి.బి. ఎస్.ఎస్.డి.యు లేని విండోసు యంత్రమును, ఎంత తేలికయైనను, నాలుగేండ్ల చదువునకు కొనవలదని మా దృఢమైన యభిప్రాయము.

ఇచట నొక మాట చెప్పక తప్పదు. అబ్బాయికి కొనునప్పుడు లోపలి యంకెలన్నియు విచారించు ఇండ్లలోనే, అమ్మాయికి కొనునప్పుడు 'చిన్నది చాలును, ముచ్చటగా నున్నది' యనుట విందుము. అంగడివారును గులాబి రంగు మూత గలదానిని మన ముందు పెట్టుదురు. రంగుతో మాకు తగవు లేదు. పోటీ పరీక్షకు ఇంటనుండి పాఠములు వినుచున్న పిల్లకు యంత్రము నడుమ నిలిచిపోయినచో నష్టపోవునది యామె చదువు. రంగు దానిని తీర్చదు.

క్రోమ్‌బుక్కుల మాట వేరు. 2011లో అంగడికి వచ్చిన ఈ రకము పనిలో పెక్కు భాగమును ఇంటర్నెట్టు మూలముననే జరుపుకొనును గనుక 4 జి.బి.తో గూడ సంసారము నెట్టుకొని రాగలదు. 2021 మొదలు వెలువడిన నమూనాలకు 10 ఏండ్లు సవరణలిత్తుమని గూగులువారు 2023లో ప్రకటించినారు. కాని టాలీ వంటి లెక్కల ప్రోగ్రాములు విండోసు కొరకు చేయబడినవి. వానిని దీనిలో నేరుగా ఎక్కించుకొన వీలుకాదు. కాలేజీవారు ఏ ప్రోగ్రాములు వాడుదురో ముందడిగి తెలిసికొనవలెను.

సొమ్ము చాలనివారు పాతవానిని చూచుటలో తప్పులేదు. సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల కంప్యూటర్ల దుకాణములు బారులు తీరియుండును. కచేరీలలో వాడి విడిచిన మంచి కట్టుబడి గల యంత్రము, నాసిరకపు క్రొత్తదానికంటె మేలు. అయితే విండోస్ 10కి సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. ఇంటెల్ ప్రాసెసరు 8వ తరమునకు ముందుదైనచో మైక్రోసాఫ్టు నియమము ప్రకారము, కొద్ది మినహాయింపులు దక్క, విండోస్ 11 ఎక్కదు. బ్యాంకు పనులు చేయు యంత్రమునకు ఇది చిన్న విషయము కాదు. తరము నడిగి, బిల్లుపై వ్రాయించుకొనుడు.

ఇక తెలుగు వ్రాయుటకు వేరుగా కొనవలసిన దేమియు లేదు. విండోసులో తెలుగు కీబోర్డు కలదు. కొన్ని క్రొత్తవి 'ఎస్ మోడు' అను కట్టుబాటుతో వచ్చును. మైక్రోసాఫ్టు స్టోరులోనివి దక్క మరేవియు అందెక్కవు. దానినుండి వెలుపలికి వచ్చుటకు రుసుము లేదు గాని, వచ్చిన పిమ్మట మరల పోవుటకు వీలులేదు.

రెండు బస్సులు మారు అమ్మాయికి 14 అంగుళముల తెరయు, కిలోన్నరకు మించని బరువును సరిపోవును. చీరల సోదరికి మాత్రము తేలిక యంత్రమెందుకని మా ప్రశ్న. ఇల్లు కదలని యంత్రమునకు పలుచదనము కొరకు సొమ్ము పోయనేల? 15.6 అంగుళములవానిలో పెక్కింటికి కుడిప్రక్కన అంకెల మీటలు వేరుగా నుండును. లెక్కలు చకచక సాగును, కంటికిని హాయి. అంగడిలోనే తెరిపించి, సెట్టింగులలో 'సిస్టమ్', అందు 'అబౌట్' అనుదానిని నొక్కించి, ర్యామ్ అంకెను స్వయముగా చదువుకొనుడు. ఛార్జరును గూడ చేతబట్టి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లించుడు.