చీర వచ్చింది, మనిషి రాలేదు

మా పెదనాన్నగారు 1979లో కువైట్ నుంచి సెలవు మీద వస్తూ ఒక కెమెరా తెచ్చారు. ఒలింపస్ ట్రిప్ 35 దాని పేరు. కోనసీమలో మా పేటకు వచ్చిన మొదటి కెమెరా అదే. పెళ్లయినా, క్రిస్మస్ అయినా, ఇంటికి కొత్త గేదె వచ్చినా ఆయన ఫోటో తీసేవారు. అందరినీ తీసిన ఆయనకు మాత్రం సరైన ఫోటో ఒక్కటీ లేదు. ఆయన ప్రభువునందు నిద్రించిన రోజున టౌను నుంచి స్టూడియో అతను వచ్చి, పెట్టె చుట్టూ మమ్మల్నందరినీ నిలబెట్టి తీసిన ఫోటోయే ఇప్పటికీ ఆ ఇంటి గోడమీద ఉంది. మన పల్లెల్లో చాలా ఇళ్లలో పెద్దవాళ్ల ఫోటో అంటే అదే గదా!

మొన్న వేసవిలో ఆయన మనవరాలు, డిగ్రీ చదువుతున్న పిల్ల, ఇనప్పెట్టె అడుగున ఆ కెమెరా చూసి, "బాబాయ్, ఇది పనిచేస్తుందా? నాకు నేర్పుతావా?" అని అడిగింది. నులకమంచం మీద కూర్చున్న మా పెద్దమ్మ ఆ మాట విని, "పనిచేస్తే ముందు నన్ను తియ్యండర్రా. మీ పెదనాన్నని తీసినట్టు కాదు. నన్ను కళ్ళు తెరిచి ఉన్నప్పుడే తియ్యండి" అంది.

ఆమెకు ఎనభై నాలుగేళ్లు. ఫోనుల్లో ఆమె ఫోటోలు ఎన్నో తీశాము. ఒక ఫోను నీళ్లలో పడింది, ఒకటి పగిలింది, తక్కినవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. గోడకు మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. అందుకని ఆ పిల్లా నేనూ కలిసి ఆ కెమెరాను నేర్చుకోవడానికి కూర్చున్నాము. మీ ఇంట్లో కూడా ఇలాంటిది అటక మీద ఉండవచ్చు గనుక, మేము నేర్చుకున్నది వివరంగా రాస్తున్నాను.

ఈ కెమెరాను 1967లో విడుదల చేసి 1984 వరకు తయారు చేశారు. దీనికి బ్యాటరీ అక్కరలేదు. లెన్సు చుట్టూ తేనెపట్టు గదుల్లాంటి చిన్న చిన్న గాజు బుడిపెలు వలయంగా ఉంటాయి. వాటి వెనుక సెలీనియం అనే పదార్థం ఉంది. దాని మీద వెలుగు పడితే కొద్దిపాటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటు లోపలి సూదిని కదిలిస్తుంది. మనం మీట నొక్కినప్పుడు ఆ సూది ఎక్కడుందో దాన్నిబట్టి కెమెరా తనంతట తానే వెలుగును సరిచేసుకుంటుంది. దీన్నే ఆటోమేటిక్ ఎక్స్‌పోజరు అంటారు.

ఎక్స్‌పోజరు అంటే ఏమిటని ఆ పిల్ల అడిగితే, చేలోకి నీరు పెట్టడాన్ని గుర్తు చేశాను. తూము ఎంత తెరిచామన్నది ఒకటి, ఎంతసేపు తెరిచి ఉంచామన్నది ఇంకొకటి. తక్కువైతే మడి ఎండుతుంది, ఎక్కువైతే నారు మునుగుతుంది. కెమెరాలో తూము వంటిది లెన్సులోని రంధ్రం. సమయం చూసేది షట్టరు. ఈ కెమెరా షట్టరుకు రెండే వేగాలు. మంచి వెలుగులో సెకనులో 200వ వంతు, వెలుగు తగ్గితే 40వ వంతు తెరుచుకుంటుంది. రంధ్రాన్ని 2.8 నుంచి 22 వరకు అదే మార్చుకుంటుంది. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది సుమా!

మొదట కెమెరా బాగుందో లేదో చూసుకోవాలి. ఎక్కువ కాలం వెలుగులో పడి ఉన్న సెలీనియం బలహీనపడవచ్చు. మాది పెట్టెలో చీకట్లో ఉన్నందున బ్రతికి ఉంది. ఫిల్ము వేయకముందే లెన్సు చుట్టూ ఉన్న వలయాన్ని 'ఏ' అనే అక్షరం దగ్గర పెట్టి, చక్రం తిప్పి, అరచేతితో లెన్సును పూర్తిగా మూసి మీట నొక్కండి. చూసే కిటికీలో ఎర్రని చిన్న రెక్క పైకి లేవాలి, షట్టరు పడకూడదు. తరువాత ఆకాశం వైపు తిప్పి నొక్కండి. రెక్క లేవకుండా షట్టరు పడాలి. ఈ రెండూ జరిగితే కెమెరాలో ఇంకా ప్రాణం ఉన్నట్టే.

ఆ తరువాత ఫిల్ము. డబ్బా మీద 100, 200, 400 అని అంకె ఉంటుంది. లెన్సు ముందున్న ఏ.ఎస్.ఏ. వలయాన్ని అదే అంకె దగ్గర పెట్టాలి. ఆ సంగతి మరిచిపోతే సూది పాపం తప్పు లెక్క వేస్తుంది. ఫిల్ము కొసను కుడివైపు చక్రంలో దూర్చి, మూత వేసి తిప్పుతున్నప్పుడు, ఎడమవైపు పైన ఉన్న బిళ్ల కూడా తిరుగుతుందేమో గమనించండి. అది తిరగకపోతే ఫిల్ము లోపల కదలడం లేదన్నమాట. అది చూసుకోక రీలంతా ఖాళీగా వచ్చినవారు చాలామంది ఉన్నారు.

మేము 200 ఫిల్ము వేసి పని మొదలుపెట్టాము. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఆ పిల్ల వంటింట్లో మీట నొక్కితే ఎర్ర రెక్క లేచింది. "బాబాయ్, పాడైపోయింది" అని కంగారుపడింది. పాడవలేదు. వెలుగు చాలదని నిజం చెప్పింది, అంతే. చాలని చోట తీయనని మొండికేయడం ఈ కెమెరాకున్న మంచి గుణం.

మరునాడు మధ్యాహ్నం మా పెద్దమ్మ తెల్లచీర కట్టుకుని అరుగు మీద కుర్చీలో కూర్చుంది. వెనుక వాకిలి నిండా ఎండ. మేము గదిలో గుమ్మం దగ్గర నిలబడి తీశాము. రెక్క లేవలేదు. షట్టరు చక్కగా పడింది. ఇంకేమి కావాలి అనుకుని పది ఫోటోలు తీసేశాము. దగ్గరలో ఫిల్ము కడిగే స్టూడియో లేక కొరియర్లో నగరానికి పంపితే, మూడు వారాలకు ప్రింట్లు వచ్చాయి.

వాకిలి బ్రహ్మాండంగా వచ్చింది. కొబ్బరిచెట్టు ఆకు ఆకు లెక్కపెట్టవచ్చు. మా పెద్దమ్మ ముఖం ఉండవలసిన చోట నల్లని మచ్చ. ఆమె ఆ ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇదేంటి నాయనా, నా చీర వచ్చింది, నేను రాలేదు" అంది.

ఆ మాటకు ఆ పిల్ల కళ్ళల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే ఆ మూడు వారాల్లో ఆమెకు రెండుసార్లు జ్వరం వచ్చి తగ్గింది.

తప్పు కెమెరాది కాదు. ఎదురుగా ఉన్న వెలుగంతటినీ కలిపి అది సగటు చూసింది. వాకిట్లో ఎండ ఎక్కువ గనుక రంధ్రాన్ని చిన్నది చేసింది. నీడలో ఉన్న ముఖానికి వెలుగు చాలలేదు. వెలుగు తక్కువైతే అది చెబుతుంది. వెలుగు తప్పుచోట ఉంటే చెప్పలేదు. మనకు కావలసింది కొబ్బరిచెట్టా, పెద్దమ్మా అన్నది సూదికి ఎలా తెలుస్తుంది? అది చూసుకోవలసినది మనమే.

దానికి ఉపాయాలు మూడు ఉన్నాయి. మొదటిది, అన్నిటికంటే మంచిది, మనిషి ముఖాన్ని వెలుగు వైపు తిప్పడం. రెండవది, అలా తిప్పడానికి వీలులేకపోతే కెమెరాను అదే నీడలో ఉన్న గోడ వైపు తిప్పి, మీటను సగం వరకు నొక్కి పట్టుకుని, మళ్లీ మనిషి వైపు తిరిగి పూర్తిగా నొక్కడం. సగం నొక్కినప్పుడు సూది అక్కడే బిగిసి ఉంటుంది. మూడవది, ఏ.ఎస్.ఏ. అంకెను 200 నుంచి 100కి తగ్గించడం. అప్పుడు రెట్టింపు వెలుగు లోపలికి వస్తుంది. తెల్ల సున్నం వేసిన గుడి గోడ ముందు పెళ్లివారిని నిలబెట్టినప్పుడు ఇది బాగా పనికొస్తుంది. తరువాత అంకెను తిరిగి యథాస్థానంలో పెట్టడం మరువకండి. నెగటివ్ ఫిల్ము కాస్త ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది గాని, తక్కువైతే ఓర్చుకోలేదు.

ఇంకొక్క మాట. ఈ కెమెరా వెలుగును చూసుకుంటుంది గాని దూరాన్ని చూసుకోదు. లెన్సు మీద నాలుగు బొమ్మలున్నాయి. ఒక తల ఉంటే ఒక మీటరు, రెండు తలలుంటే మీటరున్నర, గుంపు ఉంటే మూడు మీటర్లు, కొండ ఉంటే ఇంకా దూరం. మా రీలులో నాలుగు ఫోటోలు కొండ గుర్తు దగ్గరే వదిలేసి దగ్గరి మనుషులను తీసినందువల్ల మసకబారాయి. నొక్కేముందు బొమ్మ చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

రెండవ రీలు వేసి, ఉదయం ఎనిమిది గంటలకు పెద్దమ్మను అదే అరుగు మీద కూర్చోబెట్టాము. ఈసారి ఆమె ముఖం వాకిలి వైపు, వెనుక ఇంటి గోడ. నేను పక్కకు తప్పుకున్నాను. ఆ పిల్ల వాకిట్లో నిలబడి, ఐదడుగుల దూరం కొలిచి, రెండు తలల గుర్తు పెట్టి, మోచేతులు పొట్టకు ఆనించి, ఊపిరి బిగపట్టింది. "మామ్మా, తాతయ్య ఈ కెమెరాతో నిన్ను మొదటిసారి తీసినప్పుడు ఏమన్నాడు?" అని అడిగింది. పెద్దమ్మ నవ్వింది. షట్టరు పడింది.

ఆ ఫోటో ఇప్పుడు గోడమీద పెదనాన్నగారి ఫోటో పక్కన ఉంది. ఆయన ఏమన్నారో మాత్రం ఆమె మాకు చెప్పలేదు.

ప్రియ పాఠకులారా, మీ దగ్గర పాత కెమెరా లేకపోతే చింత లేదు. ఫోను కూడా వెలుగు విషయంలో ఇలాగే మోసపోతుంది. ముఖాన్ని వెలుగు వైపు తిప్పండి, ఫోను తెర మీద ముఖం దగ్గర వేలు పెట్టండి, అప్పుడు తీయండి. తీసింది ఫోనులో వదిలేయకుండా ప్రింటు వేయించి, వెనుక పెన్సిలుతో పేరు, సంవత్సరం రాయండి. మీ ఇంట్లో అరుగు మీద కూర్చునే పెద్దవారు ఉంటే, ఈ నెలలోనే ఒక ఉదయం వారి ఎదుట నిలబడండి. పెట్టె దగ్గర ఫోటో తీయడానికి ఎవరో ఒకరు ఎలాగూ వస్తారు. కళ్ళు తెరిచి ఉన్నప్పటి ఫోటో తీయవలసినది మనమే.